ఉత్త ఫ్లాష్

ఒక ఫొటో ఎంత బరువుంటుంది? నా దగ్గరున్నది కాగితం మీద కూడా లేదు, కంప్యూటర్‌లో ఓ మూల పడి ఉంది. అయినా తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. దాన్ని తీసినందుకు కాదు, లేదని చెప్పినందుకు.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలియకపోవడమే నయం. ముఖాలు తెలిస్తే నేను మళ్లీ బేరం మొదలుపెడతాను.

నేను తెనాలి బజారులో, మా నాన్న స్టీలు సామాన్ల కొట్టులో పెరిగాను. చప్పుడెక్కువ, సరుకు తక్కువ అని నన్ను చూసి ఆయనే అనేవాడు. ఆయన నేర్పిన మొదటి పాఠం, కొట్లో కూర్చున్నవాడి నోట ‘లేదు’ అనే మాట రాకూడదు. లేని సరుకడిగితే ‘రేపు రండి’ అనాలి. రెండో పాఠం పక్కనున్న ఫొటో స్టూడియో బాబాయి దగ్గర నేర్చుకున్నాను. పెళ్లిళ్లలో పిల్లలూ, పనిలేని చుట్టాలూ ‘మమ్మల్ని తియ్యి’ అని మీద పడితే ఆయన కాదనేవాడు కాదు. రీలు ఖర్చు కాకుండా ఫ్లాష్ ఒక్కటే వెలిగించేవాడు. “ఉత్త ఫ్లాష్‌రా అబ్బాయ్. వాళ్లకీ సంతోషం, మనకీ రీలు మిగులు” అనేవాడు. అప్పట్లో నాకదో గొప్ప విద్యలా కనిపించింది.

ఇప్పుడు దేశం కాని దేశంలో, పోర్ట్‌లీష్ అనే ఊళ్లో ఉంటాను. మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం. జరగనిదాన్ని జరిగినట్టు ఎవరైనా రాశారా అని పక్కవాళ్ల కాగితాలు తిరగేయడం నా ఉద్యోగం. నవ్వుకోండి, నేనూ నవ్వుకుంటాను.

ఐరిష్ వాళ్ల పెద్ద పండగ సెయింట్ పాట్రిక్స్ డే నాడు టౌన్లో జరిగే పెద్ద పరేడ్ కాక, మా ఇళ్ల కాలనీకి సొంతంగా ఓ బుల్లి పరేడ్ ఉంటుంది. రెండు ట్రాక్టర్లు, స్కూలు పిల్లల బ్యాండు, ఆకుపచ్చ రిబ్బన్లు కట్టిన కుక్కలు. ఆ ఏడు మా తెలుగు పిల్లల కోలాటాన్ని కుక్కల వెనక పెట్టారు. నేనూరుకుంటానా? “కమిటీకి ఫొటోలు ఊరికే తీసిస్తా, మా వాళ్లని బ్యాండు వెనక్కి మార్చండి” అన్నాను. బేరం కుదిరింది. మెడలో కెమెరా వేలాడేసుకుని తిరిగాను.

ఆ చలికి కెమెరా బ్యాటరీ చివరి గీతకొచ్చింది. రెండోది ఇంట్లో ఛార్జర్‌లోనే మర్చిపోయాను. కోలాటం ఇంకా రాలేదు. అందులో ఎనిమిదేళ్ల మా అమ్మాయి ఉంది. సరిగ్గా అప్పుడే పీటర్ పిలిచాడు. మా వరసలో చివరింటి పెద్దాయన. వంటింట్లోంచి కుర్చీ తెచ్చి ఫుట్‌పాత్ మీద వేసి, భార్య నోరాని కూర్చోబెట్టాడు. అప్పటికే ఆవిడకి ఆరోగ్యం బాగోలేదని అందరికీ తెలుసు. ఆకుపచ్చ కోటు, దాని మీద ఆ పండక్కి అందరూ గుచ్చుకునే మూడు రేకుల షామ్‌రాక్ ఆకులు. మా ఇద్దర్నీ ఒకటి తియ్యవయ్యా అన్నాడు.

నా బజారు బుర్ర లెక్కేసింది. ఫ్లాష్‌కి వేరే బ్యాటరీలు. దాని వెనక చిన్న మీట నొక్కితే, కెమెరాతో పనిలేకుండా అదొక్కటే వెలుగుతుంది. నొక్కాను. వెలిగింది. ఇద్దరూ మురిసిపోయారు. “ఆగండి, ఇంకొకటి” అని మళ్లీ నొక్కాను. కొసరు! ఉత్త ఫ్లాష్‌కి కొసరు కూడా వేసిన వెధవని నేను.

అక్కడితో ఆగితే ఇది కొంటెతనమే అయ్యేది. ఆగలేదు.

అక్టోబరులో నోరా పోయింది. ఇక్కడ మనిషి పోయిన నెలకి చర్చిలో ప్రార్థన చేయిస్తారు, మన మాసికం లాగా. పోయినవాళ్ల ఫొటోతో అరచేతిలో పట్టేంత కార్డు అచ్చేయించి పంచుతారు. దానికోసం పీటర్ మా గుమ్మంలోకొచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.

“పరేడ్ నాడు మా ఇద్దర్నీ తీశావు చూడు. ఆ కోటులో ఉన్నది. కార్డు మీద అదే వేయిద్దామని.”

“రేపు చూసి చెబుతా, పీటర్.”

ఆలోచించకుండానే వచ్చేసింది, మా నాన్న గొంతుతో సహా. మర్నాడు ఆయన మళ్లీ వచ్చాడు. చూడ్డానికి నా దగ్గర ఏముందని?

“ఏం చెప్పను పీటర్. ఆ రోజు మెమరీ కార్డు పాడైపోయింది. ఒక్కటీ దక్కలేదు.”

“ఒక్కటీనా? మీ పిల్లల డాన్స్ కూడానా?”

“అది కూడా.”

ఆయన నా భుజం మీద చెయ్యేశాడు. “అయ్యో, నీ చిట్టితల్లి ఫొటోలు కూడా పోయాయా! పోనీలే, యూ ఆర్ గ్రాండ్. అయినా ఫ్లాష్ పడితే నోరా ఎప్పుడూ కళ్లు మూసేసేది.”

‘గ్రాండ్’ అంటే ఇక్కడ ‘ఏం ఫర్లేదు’ అని. భార్య పోయినవాడు నన్ను ఓదార్చి వెళ్లాడు. నాకు సిగ్గేసిందా? నిజం చెప్పాలంటే, తేలికనిపించింది. కమిటీకి రేపు రేపంటూ ఇవ్వకుండా నాన్చిన ఫొటోల గొడవ కూడా ఈ ఒక్క మాటతో తీరిపోయింది. ఒక అబద్ధానికి రెండు పనులు. ఆ సాయంత్రమే పీటర్ పాపం కమిటీ వాళ్లందరికీ చెప్పాడు, ఆ అబ్బాయి కార్డు పాడైందట, ఏమీ అనకండి అని.

వారం తర్వాత దీపావళి కార్యక్రమంలో తెర మీద వేద్దామని కోలాటం ఫొటోలు తిరగేస్తున్నాను. ఒక దాంట్లో మా అమ్మాయి మసకగా వచ్చింది. కెమెరా దాన్నొదిలేసి వెనకున్న మనుషుల్ని పట్టుకుంది. కుర్చీలో నోరా, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతూ, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. కళ్లు బాగా తెరిచే ఉన్నాయి. పక్కన పీటర్. పరేడ్ వైపు చూడ్డం లేదు. ఆవిడనే చూస్తున్నాడు.

కార్డులు అచ్చు కావడానికి ఇంకా టైముంది. అప్పుడే తీసుకెళ్లి ఇవ్వొచ్చు. మెమరీ కార్డు బాగుచేయించానని ఇంకో అబద్ధం ఆడినా సరిపోయేది. అదీ ఆలోచించాను, నేనాలోచించని బేరం ఉంటుందా? కానీ ‘మరి మమ్మల్ని కూర్చోబెట్టి తీసినవి? రెండుసార్లు వెలిగిందిగా?’ అంటాడు. అప్పుడు తీయనే లేదని ఒప్పుకోవాలి. నేను కాపాడుకున్నదేమిటి? నా పరువా? ఆ వీధిలో నాకున్న పరువెంత, మంచి కెమెరా ఉన్నాయన అన్నంత. దానికోసం ఒక మనిషికి అతని భార్య నవ్వు దక్కకుండా చేశాను.

చివరికి ఆవిడ బస్ పాస్ ఫొటోతో కార్డులు వేయించారు. బిగుసుకుపోయిన మొహం. ఒకటి నాకూ ఇచ్చాడు. వంటింటి అలమరలో, టీ పొడి డబ్బా వెనక పెట్టాను. రోజూ టీ తాగే మనిషి దాన్ని అక్కడ పెట్టుకున్నాడంటే ఏమనుకోవాలి? మరిచిపోవాలనా, మరిచిపోకూడదనా?

పీటర్ ఇంకా ఉన్నాడు. ఎనభై దాటాయి. ప్రతి పరేడ్‌కీ నన్ను కొత్తవాళ్లకి చూపించి “నోరా చివరి ఫొటో తీసింది ఈయనే, పాపం యంత్రం మింగేసింది” అంటాడు. నేను తలూపుతాను. తర్వాత ఆయన్ని అడక్కుండానే ఇరవై తీస్తాను, అన్నీ నిజమైనవే. ఏం లాభం? ఆయనకి తన మొహంతో పనేముంది?

మొన్న మా అమ్మాయి పాత ఫొటోలు చూస్తూ ఈ ఒక్కటి దగ్గర ఆగింది. “డాడ్, దిస్ ఈజ్ నోరా! పీటర్‌కి చూపించావా?”

“ఆ, ఎప్పుడో” అన్నాను.

ఆ మాట తర్వాతే ఇది రాయడానికి కూర్చున్నాను. ఇవాళే అచ్చు వేయించాను. బల్ల మీద నా ముందుంది. పీటర్ ఇల్లు ఇక్కడికి ఎనిమిదో గుమ్మం. ఈ వయసులో ఆయన గుండెకి ఇది ఆనందమా, దెబ్బా అని అప్పుడే మొదలెట్టాను చూడండి, మళ్లీ బేరం. తీసుకెళ్తానో లేదో మీకు మాటివ్వను. నా మాట ఎలాంటిదో ఈపాటికి మీకు తెలుసు. ఆయన క్షమిస్తాడా అన్నదీ నేనడగను. ఎలాగూ ‘గ్రాండ్’ అంటాడు, దానికే నాకు భయం.

లేదనే మాటే అనకూడదని పెంచిన కొట్లోంచి వచ్చి, ఉన్నదాన్ని లేదన్నాను. తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా, ఒక్కరితోనైనా, ఆ మాట సరిగ్గా చెప్పి చూద్దామని మీ దగ్గరకొచ్చాను.

ఉంది. ఆ ఫొటో ఉంది. నా దగ్గరే ఉంది.