అడుగుకి పదిహేడు

మేస్త్రమ్మ చేతిలో రంపం ఉంటే ఎంత మొండి కర్రయినా దారికి రావలసిందే. అదే చేతికి పెన్నిస్తే మాత్రం ముచ్చెమటలు పట్టేస్తాయి. నలభై మూడేళ్ల మనిషి, పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పింది మరి! వడ్రంగం నేర్పే శిక్షణ కేంద్రం వాళ్లు ఆవిడ చేసిన కిటికీ చట్రం చూసి ముక్కున వేలేసుకున్నారు. పంతులమ్మ ఉద్యోగం మీదేనన్నారు. తీరా అంతా అయ్యాక, "పదో తరగతి కాగితం ఏదమ్మా?" అన్నారు. ఈసారి కూడా తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. నలుగురికి పని నేర్పాలని ఆవిడకి ఎంత ఆశో చెప్పలేం. పరీక్ష చూస్తే రేపే.

చదువు చెప్పేది ఆడపడుచు, హైస్కూల్లో లెక్కల టీచరు. మూడేళ్ల కిందట పోయిన మామగారు పేరున్న వడ్రంగి; ఆయన కోడలికి రంపం ఇచ్చాడు, కూతురికి పుస్తకాలు ఇచ్చాడు. ఆ సాయంత్రం వదినామరదళ్లిద్దరూ ఆయన పనిబల్ల మీది చెక్కపొట్టు తుడిచి పాత ప్రశ్నపత్రం పరిచారు.

"రూట్ డెబ్భైరెండుని సూక్ష్మీకరించమంటే పోయినసారి ఏం రాశావు వదినా?"

"ఎనిమిదడుగుల ఆరంగుళాలు."

ఆడపడుచు తల పట్టుకుంది. "నీకో దండం! నిన్నెవరైనా కొలత అడిగారా?"

"డెబ్భైరెండంటే ఆరార్లు ముప్పైఆరు, ఇంకో ముప్పైఆరు. అంటే ఆరడుగుల చదరంలో మూల నుంచి మూలకి కొట్టే ఐమూల కర్ర. చదరం పక్క అడుగుకి ఐమూల పదిహేడంగుళాలు. ఆరు పదిహేడ్లు నూటరెండంగుళాలు, అంటే ఎనిమిదడుగుల ఆరు. తప్పెక్కడుందో చూపించు పంతులమ్మా, ఇప్పుడే ఇక్కడే చట్రం బిగించి చూపిస్తా!"

ఆడపడుచు నవ్వబోయి ఆగిపోయింది. "ఉండుండు. అడుగుకి పదిహేడా?"

అది వాళ్ల నాన్న మాట. 'అడుగుకి పదిహేడు! కోసేటప్పుడు గీత మింగెయ్!' అని, గీత కూడా మిగలకుండా దాని మీదే కొయ్యమని ఆయన అరుస్తూంటే, ఆమె ఈ బల్ల పక్కనే కూర్చుని లెక్కలు చేసుకునేది. చెవిన పడ్డ ఆ మాట మీద ఒక్కనాడూ మనసు పెట్టలేదు.

గబగబా సుద్దముక్క తీసి చెక్క మీద రాసింది. "చూడు. డెబ్భైరెండంటే ఆరు ఇంటూ ఆరు ఇంటూ రెండు. రూట్‌లో జోడీ ఉన్నది ఒకటిగా బయటికొస్తుంది. రెండుకి జోడీ లేదు, లోపలే ఉంటుంది. ఆరు రూట్ రెండు! వదినా, ఈ రూట్ రెండు ఏంటనుకున్నావు? ఒక్కడుగు చదరానికి ఐమూల కర్ర! నాన్న చెప్పిన పదిహేడు!"

"అంటే అలాంటివి ఆరు ముక్కలు. నేను చెప్పిందీ అదేగా! మరి సున్నా ఎందుకేశారు?"

"సరిగ్గా పదిహేడు కాదు కాబట్టి. వెంట్రుకవాసి తక్కువ. ఎంత కొలిచినా ఆ లెక్క తెగదు. అందుకే రూట్‌గానే వదిలేస్తాం."

మేస్త్రమ్మ ఒక్క గెంతు గెంతింది. "గీత మింగెయ్! అందుకా! ఆ వెంట్రుకవాసి కోసమా! ఇరవై ఏళ్లు మింగాను తల్లీ, ఎందుకని ఒక్కరోజైనా అడిగిన పాపాన పోలేదు!"

ఆడపడుచుకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "నేను మాత్రం అడిగానా?"

ఇక చూడాలి ఆ ఊపు! రూట్ యాభై, రూట్ పద్దెనిమిది కలపమంటే, "ఐదు ముక్కలూ మూడు ముక్కలూ, ఎనిమిది రూట్ రెండు!" అంది. ఎనిమిది రూట్ రెండుకి రూట్ మూడు కలపమంటే, "ఆ కర్ర కొలతే వేరు, కలవదు పో!" అని కసిరింది.

మర్నాడు పరీక్షలో రూట్ తొంభై ఎనిమిది, రూట్ ఎనిమిది కలపమన్నారు. ఏడు ముక్కలూ రెండు ముక్కలూ. పన్నెండడుగుల తొమ్మిదంగుళాలని రాయడానికి చెయ్యి ఒకటే దురద! పళ్లబిగువున తొమ్మిది రూట్ రెండు అని రాసి, పెన్ను చెవి వెనక దోపేసుకుంది.

యాభైరెండు మార్కులొచ్చాయి. ఆ వార్త చెప్పడానికి ఆడపడుచు బడి నుంచి పరుగెత్తుకొచ్చింది.

శిక్షణ కేంద్రంలో మొదటిరోజు. ఇరవైమంది ముందు మేస్త్రమ్మ కర్ర మీద గీత గీసి, మామగారి గొంతుతోనే అరిచింది: "అడుగుకి పదిహేడు! కోసేటప్పుడు గీత మింగెయ్యాలి!"

ముందు వరసలో ఒకామె చెయ్యెత్తింది. "ఎందుకు మేడం?"

మేస్త్రమ్మ ఆమె వంక చూసింది. "అడిగావూ? బతికించావు తల్లీ!" అని రంపం పక్కన పెట్టి, సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి నడిచింది.