శౌరమ్మ మోకాళ్లు

ఎదుటి మనిషి చేసిన పాపమేమిటో మీకెట్లా తెలుస్తుంది? ఆ మనిషి నడక చూసి చెబుతారా, ఒంట్లోని రోగం చూసి చెబుతారా? పదిమందిలో ఒకరు మైకు పట్టుకుని చెప్పింది విని, ఇంటికొచ్చి పొరుగామెను కొత్తగా చూడటం మొదలుపెడతారా? మీ జవాబు ఏదో తేల్చుకుని ఆ తర్వాత ఈ సంగతి చదవండి.

నేను దయ్యాలను నమ్మను. దేవుణ్ణీ నమ్మను. అద్భుతాలంటే చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. కతోలిక ఇంట్లో పుట్టాను, జ్ఞానస్నానం పొందాను, కాలేజీ రోజుల్లోనే ఆ నమ్మకంలోంచి బయటికి వచ్చాను. నల్లగొండలో పాఠాలు చెబుతాను, హేతువాద సభల్లో మాట్లాడతాను. ఓసారి పక్క విచారణలో, అంటే పక్క చర్చి పరిధిలో, మరియమాత విగ్రహం కన్నీరు కారుస్తోందని జనం బారులు తీరితే, నిచ్చెన వేయించుకుని పైకెక్కి, రేకుల సందులోంచి చుక్క ఎట్లా దిగుతోందో అందరికీ చూపించాను. ఈ సంగతీ అట్లాగే తేలిపోతుందనుకున్నాను. తేలలేదు.

శౌరమ్మ మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. మా ఊరు నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. వెనక ఒక కరువు కాలంలో మా వాడ ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పొలాల వెంట తిరుగుతుంటే, చర్చి వాళ్లు ఆవరణలో బోరు వేయించారు. నీళ్లు పడ్డాయి. అప్పటి ఫాదర్ దాని మీద పవిత్ర జలం చల్లి ఆశీర్వదించాడు. వాడంతా ఆ నీళ్లే తాగింది, వాటితోనే వండుకుంది. ఆ నీళ్లలో ఏముందో పరీక్ష చేయిద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. తోచేసరికి వాడలో చాలామంది నడుములు వంగిపోయాయి, పిల్లల పళ్లు పచ్చబడ్డాయి. మా పెద్దమ్మ రెండు మోకాళ్లూ చాచినవి చాచినట్టే కొయ్యల్లా బిగుసుకుపోయాయి.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఇంటింటికీ నల్లా వచ్చింది, మంచినీళ్లు వచ్చాయి. ఎముకల్లో చేరిన ఫ్లోరైడు విషం మాత్రం పోలేదు. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టి నాకు చూపించాడు. మోకాలి చిప్ప చుట్టూ ఎముక ముద్దకట్టి ఉంది. బలవంతం చేస్తే విరుగుతుంది గానీ వంగదన్నాడు. ఆ ఎక్స్‌రే ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆటోలో ఆమె అందరిలా కూర్చోలేకపోయేది. వెనక సీటులో అడ్డంగా పడుకుని కాళ్లు బయటికి చాచి వచ్చేది. "నాకంటె ముంగట నా కాళ్లు దిగుతయి ఊళ్లె" అని తనే నవ్వేది. ప్రతి ఆదివారం కర్ర పట్టుకుని పూజకు పోయేది. అందరూ మోకరించే వేళకు వెనక గోడకు వీపు ఆనించి నిలబడేది. ఏళ్ల తరబడి అది ఎవరికీ తప్పుగా తోచలేదు.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో ఒక ఏడు ధ్యానాలకని బయటి నుంచి ఒక ప్రసంగీకుణ్ణి పిలిపించారు. వంగని మోకాలి వెనక ఒప్పుకోని పాపం దాగి ఉంటుందని ఆయన మైకులో గర్జించాడు. పోలికగా అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు తెలియదు. ఆయన కారెక్కి వెళ్లిపోయాడు. మాట ఊళ్లో ఉండిపోయింది. జనం చూపులు వెనక గోడ వైపు తిరిగాయి.

మొదట ఆడవాళ్లు మంచిగానే అడిగారు. "ఏందక్కా, ఎన్నటిదో ఏదో ఉన్నదంట గదా. చెప్పుకుంటే పోతది, మనసుల పెట్టుకోకు" అన్నారు. ఎప్పటిదో ఏమిటో వాళ్లకూ తెలియదు, ఆమెకూ తెలియదు. నాకేం యాదికొస్తలేదనే ఆమె వాళ్లందరికీ చెప్పింది. నీళ్ల వల్ల వచ్చిన రోగమని నేను చెప్పబోతే ఒకామె నా మీదికే వచ్చింది. "గవే నీళ్లు మేం తాగలేదా? మా మోకాళ్లు మంచిగనే ఉన్నయి గదా?" అంది. ఆమె కొడుకు పక్కనే ఉన్నాడు. వాడు నవ్వితే పళ్లన్నీ పచ్చగా, గుంటలు పడి కనిపిస్తాయి.

పెద్దమ్మ నెలనెలా ఫాదర్ దగ్గర తన తప్పులు చెప్పుకుని పాపసంకీర్తనం చేసేది. నిలబడే చేసేది. కొత్తగా వచ్చిన ఫాదర్‌కు ఆ సంగతి తెలుసు. అక్కడ విన్నది బయట చెప్పకూడదు, ఒప్పుకుంటాను. ఆమెను నిందించవద్దని చెప్పడానికి ఏం అడ్డొచ్చింది? వయసులో చిన్నవాడు, సంఘం పెద్దలకు ఎదురు చెప్పలేక నోరు మూసుకున్నాడు.

అక్టోబరు వచ్చింది. మా విచారణలో జపమాల మాసమంటే పెద్ద సందడి. మరియమాత స్వరూపమనే విగ్రహాన్ని సాయంత్రం పూట ఒక్కో ఇంటికి తీసుకుపోతారు. ఆ ఇంట్లో అందరూ కూర్చుని జపమాల చెబుతారు, ఉడకబెట్టిన శనగ గుడాలు పంచుతారు, రాత్రికి మరియమాత అక్కడే ఉంటుంది. మరునాటి సాయంత్రం కొవ్వొత్తులతో, పాటలతో పక్కింటికి. వరసలో ఏ ఇంటినీ దాటిపోయిన గుర్తు నాకు లేదు, తాగి తిరిగేవాడి ఇంటిని కూడా.

మా ఇంటి వంతు నాటికి పెద్దమ్మ గోడలకు సున్నం వేయించింది. నన్ను రమ్మని ఫోన్ చేసింది. "నువ్వు జపం జెయ్యకున్నా మంచిదే, గుడాలన్న పంచు బిడ్డా" అంది. వెళ్లాను. పొద్దుగూకే వేళ ఊరేగింపు వచ్చింది. ఆమె ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. పాట ఆగలేదు. స్వరూపం మా గుమ్మం దాటి పక్కింటి వైపు సాగిపోయింది.

ముందు నడుస్తున్నది సంఘ పెద్ద జోజిరెడ్డి. దారికి అడ్డం నిలబడ్డాను.

"ఏం పటేలా, మా గడప కండ్లకు ఆనలేదా?"

"దేవుడే లేడని సభలు పెట్టి చెప్తవు గదా లెక్చరరమ్మా. లేని దేవుని తల్లి మీ ఇంటికి రాకపోతె నీకేం తక్కువైంది?"

వరసలో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

"నాకేం తక్కువ కాలే. ఆమె పొద్దటి సంది ఎదురు చూస్తున్నది."

"ముందుగాల ఫాదర్ దగ్గర మోకాళ్లేసి ఒప్పుకోమను. గప్పుడు అమ్మ తనంతల తానే వస్తది."

"వెయ్యడానికి మోకాళ్లేవి? మీ బోరు తిన్నది వాటిని!"

నవ్వులు ఆగిపోయాయి. ఇంకా అనేదాన్నే. వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "ఊకో బిడ్డా, తొవ్వల లొల్లి పెట్టకు. అమ్మను ఎంతసేపు నిలబెడ్తరు, పోనియ్యి."

తనను దాటిపోతున్న స్వరూపం ఎక్కువసేపు నిలబడాల్సి వస్తుందని ఆమెకు బాధ!

ఆ సాయంత్రం ఆమె మోకాళ్లకు నేనే నువ్వుల నూనె రాశాను. బల్బు వెలుతురులో, నా రెండు చేతులతో. ఇక్కడ మీరు కొంచెం జాగ్రత్తగా వినాలి. ఆ మోకాళ్ల మీద తోలు నున్నగా, పలచగా, చంటిపిల్ల బుగ్గలా ఉంది. ఏళ్లుగా నేలకు తగలని మోకాళ్లు మరి. గీత లేదు, మచ్చ లేదు.

రాస్తుంటే ఆమె పైకప్పు వైపు చూస్తూ అంది. "నేనేం పాపం జేసిన్నో నాకే యాదికొస్తలేదు బిడ్డా. యాదికొస్తే చెప్పి పడేద్దు." మళ్లీ తనే అంది. "చిన్నప్పుడు పటేలోళ్ల చింతచెట్టు కింద కాయలేరుకున్న. గదేనంటవా?"

నమ్మని మనిషిని ఎవరూ ఏమీ చేయలేరు. నమ్మిన మనిషినే ఇట్లా కాల్చుకుతింటారు. వాళ్లు ఆమె ఇంటికి స్వరూపాన్ని రాకుండా చేయడం ఒక ఎత్తు. తనలో లేని తప్పును ఆమె తనే వెతుక్కునేలా చేయడం ఒక ఎత్తు. దీనికి ఏ శిక్షాస్మృతిలోనూ శిక్ష లేదు.

రెండు వారాలు కూడా కాకముందే ఆమె నిద్రలో పోయింది. రోజూ పొద్దున్నే చాయ్ తెచ్చి ఇచ్చే పక్కింటి లూర్దమ్మ చూసి నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి బాగా తెల్లారింది. పెద్దమ్మ మంచం మీద వెల్లకిలా ఉంది, కాళ్లు ఎప్పటిలాగే చాచి ఉన్నాయి. ముఖంలో భయం లేదు, బాధ లేదు.

పెరట్లో చీర అడ్డం కట్టి, నేనూ లూర్దమ్మా స్నానం చేయించాం. ఆమె నీళ్లు పోస్తోంది, నేను రుద్దుతున్నాను. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. లూర్దమ్మ చెంబు కింద పెట్టేసింది.

"గిదేంది బిడ్డా?"

రెండు మోకాళ్లూ కాయలు కాచి ఉన్నాయి. నల్లగా, మందంగా, మడమల్లా పగిలి ఉన్నాయి. పగుళ్లలో ఎర్రమట్టి ఇరుక్కుని ఉంది. సబ్బుతో రుద్దాను, పోలేదు. ఇంట్లో సిమెంటు గచ్చు, చర్చిలో షాబాదు బండలు. ఆ మట్టి ఎక్కడిదో నాకు తెలియదు.

లూర్దమ్మ తన చీర కుచ్చెళ్లు పైకి తీసి తన మోకాళ్లు చూపించింది. అవే కాయలు, అదే నలుపు. "సూడు, నాయి గిట్లనే ఉంటయి. చిన్నప్పటి సంది మోకాళ్లేసిన మోకాళ్లు. శౌరక్కకు గివెట్లొచ్చినయి?"

నేను మోకాలి కింద చెయ్యి పెట్టి వంచి చూశాను. వంగలేదు. రెండోదీ వంగలేదు. ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నాను.

లూర్దమ్మ నోట్లో మాట దాగదు. మధ్యాహ్నానికి విచారణ అంతా మా వాకిట్లో ఉంది. ఆమె బతికుండగా గుమ్మం దాటించుకుపోయిన స్వరూపాన్ని తెచ్చి తల దగ్గర పెట్టారు. జోజిరెడ్డి వచ్చాడు, మంచం పక్కన కూలబడ్డాడు, ఆ మోకాళ్లకు కళ్లు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. నటన అనను. నిజంగానే ఏడ్చాడు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

"మమ్ములను క్షమించమని అడుగుతున్న బిడ్డా" అన్నాడు.

"ఎవరిని అడుగుతున్నవు పటేలా? ఇనే మనిషి నిన్నటిదాంక ఈ మంచంల ఉండె."

ఈలోగా ఇంకొకామె కత్తెర తీసుకుని పెద్దమ్మ చీర కొంగు పట్టుకుంది. మా మోకాళ్లు మంచిగనే ఉన్నయి గదా అని నాతో వాదించిన మనిషే. "గింత ముక్క ఇయ్యరాదు బిడ్డా. నా కొడుకు తలాపుల పెడ్త" అంది. నేను కత్తెర గుంజుకున్నాను. వాడికి కావలసింది చీర ముక్క కాదు, దవాఖాన అని అరిచాను. ఆమె బిక్కమొహం వేసింది. అప్పుడు ఆమెను కొట్టాలనీ అనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది.

తర్వాత నేను చేయగలిగినదంతా చేశాను. ఫొటోలు ఒక చర్మ వైద్యుడికి చూపించాను, ఎవరివో చెప్పలేదు. రోజూ నేల మీద మోకరించే మనిషివి, ఏళ్ల అలవాటు ఉండాలి, మఠంలో ఉండే కన్యస్త్రీనా అని అడిగాడు. అప్పుడు ఎక్స్‌రే ముందు పెట్టాను. చాలాసేపు చూసి, పొరపాటున ఇద్దరు మనుషులవి తెచ్చారన్నాడు. ఒక్క మనిషివేనని చెబితే నవ్వి, రెండూ వెనక్కి ఇచ్చేశాడు. చనిపోయాక తోలులో వచ్చే మార్పేమోనని అడిగాను, రాత్రికి రాత్రి అంత మందం రాదన్నాడు. రోగం వల్ల తోలు గట్టిపడిందేమో అనుకున్నాను. రెండు వారాల కిందట నూనె రాసిన చేతులు నావే. నా చేతులనే అబద్ధమనుకుంటే తప్ప ఈ చిక్కు విడిపోదు.

ఇది రాయొద్దని సభల్లో నా తోటివాళ్లు అన్నారు. బాబాలకు మేత వేసినట్టవుతుందన్నారు. చర్చిలో లేచి సాక్ష్యం చెప్పమని విచారణ వాళ్లు అన్నారు. ఇద్దరికీ కాదనే చెప్పాను. చూసింది దాచిపెడితే నేను హేతువాదిని ఎట్లా అవుతాను? అర్థం కానిదానికి దేవుడని పేరు పెట్టి పండగ చేయడం నాకు చేతకాదు. ఎట్లా జరిగిందో నాకు తెలియదు. ఇన్నేళ్లకూ తెలియదు.

కానీ ఒక ప్రశ్న నన్ను నిద్రపోనివ్వదు. ఆ కాయలు లేకపోతే? మోకాళ్లు నున్నగానే ఉండి ఉంటే? పాపం ఒప్పుకోని ముసలిదనే పేరుతోనే ఆమెను మట్టి చేసేవాళ్లు. ఎవరూ ఏడ్చేవాళ్లు కాదు, ఎవరూ క్షమాపణ అడిగేవాళ్లు కాదు. ఆమె అప్పుడూ అంతే నిర్దోషి కదా! నాకేమీ యాదికి రావడం లేదని ఆమె నోటితో చెప్పిన మాట వాళ్లకు చాలలేదు. శవం మీద తోలు సాక్ష్యం చెబితే గానీ వాళ్లకు పశ్చాత్తాపం రాలేదు. అటువంటి పశ్చాత్తాపాన్ని నేను అంగీకరించను.

ఇప్పుడు ఆమె సమాధి మట్టిని జనం పొట్లాలు కట్టుకుని పోతున్నారట. అక్కడ షెడ్డు వేద్దామంటున్నారట. మీరు అక్కడికి పోకండి. మీ వాడలోనే, మీ సంఘంలోనే, మీ ఇంట్లోనే, తప్పు చేసిందని మీరంతా కలిసి తేల్చి పక్కన పెట్టిన మనిషి ఒకరు ఉంటారు. ఆ గడపకు పోండి. రుజువు అడగకండి, అద్భుతం జరిగేదాకా ఆగకండి. నిలబడి, ఆ మనిషి కళ్లలోకి చూసి, తప్పు మాది అని గట్టిగా చెప్పండి. వినడానికి ఆ మనిషి ఇంకా బతికే ఉంది. లేవండి, ఇవాళే పోండి.