బావ ఫోన్‌లో అక్క గొంతు

పటాన్‌చెరులో మా ఫ్యాక్టరీ గేటు దాటి ఎవరి సొంత ఫోనూ లోపలికి రాదు. రసాయనాల ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. అందుకని తమ ఫోన్లు గేటు దగ్గర పెట్టేసి, రవ్వ పుట్టని కంపెనీ ఫోన్లు తీసుకుని వెళ్తారు. షిఫ్టులో ఎవరు ఏం చెప్పారో తెలియాలని అవి ప్రతి కాల్‌నూ రికార్డు చేసి తమలోనే దాచుకుంటాయి. ఆ ఫోన్లన్నింటినీ ఒక సర్వర్ నడుపుతుంది. ఏ యాప్ ఉండాలో అదే చెబుతుంది, పోయిన ఫోన్ ఎక్కడున్నా అందులో ఉన్నదంతా అదే తుడిచేస్తుంది. ఆ సర్వర్‌ను కాచుకోవడం నా ఉద్యోగం.

మా బావ అక్కడే రియాక్టర్ల దగ్గర ఆపరేటర్. కొండాపూర్ మండలంలోని పల్లె నుంచి వస్తాడు. అక్క ఉన్నన్నాళ్లూ తన బటన్ ఫోన్ నుంచి, అతను క్యాంటీన్‌లో టీ తాగే వేళకు, కంపెనీ నంబరుకే చేసేది. జ్వరమని ఆసుపత్రిలో చేరిన అక్క తిరిగి రాలేదు. ఆమె గొంతు ఆ ఫోన్‌లో మాత్రమే మిగిలింది. ఫోనేమో సాయంత్రం గేటు దగ్గర అప్పజెప్పాలి, మర్నాడు పనికొస్తేనే మళ్లీ చేతికొస్తుంది. అక్క పోయాక బావ ఒక్క సెలవు కూడా పెట్టలేదు.

ఆ కాల్స్ కాపీ చేసివ్వనా అని ఒకసారి అడిగాను. బావ నవ్వాడు. "అండ్ల నన్ను తిట్టిన తిట్లున్నయ్ రా. మొగుడు పెండ్లాల ముచ్చట నీకెందుకు?" అన్నాడు. అతను నవ్వి చాలా రోజులైంది. నేను మళ్లీ అడగలేదు.

ఆ రోజుల్లోనే సర్వర్‌లో ఒక లొసుగు ఉందని, వెంటనే మరమ్మతు చేసుకోమని ఆ సర్వర్ తయారుచేసిన కంపెనీవాళ్లు కబురు పెట్టారు. ఆడిట్ జరుగుతోంది, అది అయ్యేదాకా సర్వర్ ఆపొద్దని మా మేనేజర్ అన్నాడు. తలుపుకు గడియ పెట్టడానికి కూడా ముహూర్తం చూస్తారా అని ముఖం మీదే అడిగాను. ఆయనకు కోపమొచ్చింది, అంతే.

ఒక మధ్యాహ్నం సర్వర్‌లో కొత్త అడ్మిన్ ఖాతా కనిపించింది. దాన్ని నేను పెట్టలేదు, నాతో పనిచేసే అతనూ పెట్టలేదు. ఆ లొసుగులోంచి ఎవరో చొరబడ్డారు. ఆ ఖాతా నుంచి ముక్కూ మొహం తెలియని యాప్ ఒకటి ఫోన్లలోకి వెళ్తోంది. ఆపబోతే నా పాస్‌వర్డే పనిచేయలేదు. చూస్తుండగానే ఫోన్లు ఒక్కొక్కటిగా తుడిచిపెట్టుకుపోవడం మొదలైంది. సిగ్నల్ అందిన ఫోనల్లా పోతోంది. రియాక్టర్ల బ్లాక్ అంతా ఇనుమూ కాంక్రీటూ, లోపలికి సిగ్నల్ రాదు. బావ ఆ లోపలే ఉన్నాడు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు కంపెనీ గుర్తు రాలేదు, అక్కే గుర్తొచ్చింది. అందరికీ ఫోన్లు ఆపేయమని చెప్పండని సెక్యూరిటీ ఇన్‌చార్జికి ఫోన్ చేసి, కేబుల్ పీకేయడానికి సర్వర్ గది ఉన్న భవనానికి పరుగెత్తాను.

అంతమందికి ఒకేసారి చెప్పడానికి మా దగ్గర ఉన్నది ఒకటే దారి. ఆయన సైరన్ మోగించాడు.

సైరన్ వినిపిస్తే ఇక్కడ ఎవరూ ఎందుకని అడగరు. పని వదిలేసి, గేటు పక్కన గుమిగూడే చోటికి వచ్చి వరసగా నిలబడతారు. గ్యాస్ లీకైన రోజు బతికించేది ఆ అలవాటే. కానీ గేటు పక్కనే సెల్ టవర్ ఉంది. మెట్ల మీద ఉండగా సైరన్ విని రెండేసి మెట్లు ఎక్కాను. నేను కేబుల్ పీకేసరికి అందరూ వచ్చి ఆ టవర్ కింద నిలబడ్డారు.

ఆ ఇన్‌చార్జి మీద నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన తప్పు లేదని అరుస్తున్నప్పుడే తెలుసు. ఆయన తల వంచుకుని విన్నాడు.

వరసలో బావ ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. తెర మీద భాష ఎంచుకోమని ఉంది.

"జెర సూడు రా, ఇదేందో అడుగుతాంది. తెలుగే పెట్టాలె గదా?"

"పోయింది బావా," అన్నాను. "ఇగ రాదు."

ఎవరెవరినో బతిమాలాను. ఒకసారి తుడిచాక అందులోంచి ఏదీ వెనక్కి రాదన్నారు. ఆఫీసులో మాత్రం నేను కేబుల్ పీకడంతో కంపెనీ ఫార్ములాలు దొంగల చేతికి పోలేదని నాతో కరచాలనం చేశారు. మరమ్మతు ఆ వారమే చేయించారు. ఇప్పుడు ఇద్దరు అడ్మిన్లు ఒప్పుకుంటే తప్ప ఏ ఫోనూ తుడవడానికి లేదు. అదీ నేను ఎప్పుడో అడిగిందే. నాకు ఏడుపొచ్చింది.

బావ పనికి రావడం మానేశాడు. చూద్దామని ఇంటికి వెళ్తే వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

"మాటలన్నీ యాదికున్నయ్ రా," అన్నాడు. "గొంతే వస్తలేదు."

నా వైపు తిరిగాడు. "నువ్వు ఆమెతోని పుట్టినోనివి గదా. వచ్చేటప్పుడు కొత్తిమీర తే, మర్సిపోకు, అని ఆమె లెక్క ఒక్కసారి అను."

అన్నాను. బావ కళ్లు మూసుకుని విని, తల అడ్డంగా ఊపాడు.

"గట్ల కాదు," అన్నాడు. కొంచెం ఆగి, "అయినా ఇంకోసారి అను," అన్నాడు.