మల్లెల మేకు

నా చిన్నప్పుడు నా జడ మా అమ్మ వేసేది కాదు, పక్కింటి అక్క వేసేది. అమ్మ పొద్దున్నే నాగ్‌పాడాలో బట్టలు కుట్టే కార్ఖానాకు వెళ్లిపోయేది. కామాఠీపురాలో మా చాల్ రెండో అంతస్తులో వరుసగా గదులు, వాటి ముందు ఒకటే పొడవాటి వసారా ఉండేవి. ఆ వసారాను అందరం గ్యాలరీ అనేవాళ్లం. దాని చివర మెట్ల మీద నేను కింద కూర్చుంటే అక్క పై మెట్టు మీద కూర్చునేది. నా జుట్టు కొబ్బరిపీచు. అక్క దాన్ని ఎలా లొంగదీసేదో గానీ, బడి వదిలేదాకా ఒక్క వెంట్రుక కదిలేది కాదు. అక్కకు పదిహేనేళ్లు, నాకు ఎనిమిది. అక్క నోట్లో నాలుక లేని పిల్ల. ఆ లోటు నేనే తీర్చేదాన్ని.

ఆ ఏడు వానలు వెనకబట్టాక అక్క కనురెప్పలు ఊదారంగుకు తిరిగాయి. వేళ్ల కణుపుల మీద ఎర్రగా పొక్కులు లేచాయి. ఒళ్లు వెచ్చబడింది. మావన్నీ పాలమూరు నుంచి కూలికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. పిల్లల ఒంటి మీద ఎరుపు కనిపిస్తే పోచమ్మ తల్లి వచ్చిందనే అనుకుంటాం. అక్క వాళ్లమ్మ, నేను అత్త అని పిలిచే మనిషి, అదే అనుకుంది. గుమ్మానికి వేపమండలు కట్టింది. కూరల్లో తాలింపు మానేసింది. అక్కకు మందూ లేదు, తలకు దువ్వెనా లేదు. మందు మింగితే తల్లికి కోపం వస్తుందని భయం. పైగా పొక్కులు త్వరగా మాడిపోతాయని పసుపు రాసి రోజూ మేడ మీద ఎండలో కూర్చోబెట్టేది. అమ్మవారైతే వారం పది రోజుల్లో దిగిపోవాలి. నెల దాటినా దిగలేదు. ఎండలో కూర్చున్నకొద్దీ మెడ కూడా కందిపోయింది. చివరికి తల్లిని సాగనంపినట్టే మూడుసార్లు స్నానాలు పోసి, ఇక చాల్లే, పనిలోకి దిగమన్నారు.

నా జడలు మళ్లీ మొదలయ్యాయి. కానీ అక్క చేతులు నా మెడ దాకా వచ్చి ఆగిపోయేవి. సగం అల్లి, చేతులు ఒళ్లో వేసుకుని కూర్చుండిపోయేది. ఊడిపోయిన జడతో బడికి వెళ్తే టీచరమ్మ నన్ను అందరి ముందూ నిలబెట్టింది. ఆ ఉక్రోషంతో నేను గ్యాలరీ అంతా తిరిగి, అక్క పని తప్పించుకోవడానికి నటిస్తోందని చెప్పాను. గోరంతను కొండంత చేయడానికి మా గ్యాలరీకి ఇంకేం కావాలి? నల్లా దగ్గర బిందె ఎత్తలేదని ఒకరు, నేల మీంచి లేవడానికి ముసలమ్మలా మోకాళ్లు పట్టుకుంటోందని ఒకరు, ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఇంకొకరు. ఆ సాయంత్రం అత్త అక్కను కొట్టింది. గోడకు ఇవతల నేను వింటూ కూర్చున్నాను. అక్క ఏడవలేదు.

"లేస్తలేవమ్మా," అని మాత్రం అంటోంది. "నా చేతులు లేస్తలేవు."

ఆ మాట మా అవ్వ కూడా విన్నది. అవ్వంటే మా నాన్నకు తల్లి. ఈ ఊళ్లో ఎన్ని మేడలకు ఘమేలాలో కంకర నింపుకుని నెత్తిన మోసిందో ఆమెకే లెక్క తెలియదు. మర్నాడు గ్రాంట్ రోడ్ స్టేషన్ దాకా నడిచి వెళ్లి ఒక మల్లెల గజ్రా కొనుక్కొచ్చింది. అత్త వాళ్ల గోడకు, మనిషి తల కంటే జానెడు ఎత్తులో, క్యాలెండర్ మేకు ఉండేది. దానికి పూలు తగిలించి, తీసుకుని పెట్టుకొమ్మని అక్కతో చెప్పింది. మల్లెలంటే అక్కకు ప్రాణం. ఆ ముఖం విప్పారడం నాకింకా గుర్తుంది.

అక్క చెయ్యి భుజం దాకా లేచి ఆగింది. ఎడమ చేత్తో కుడి మోచేతిని కింద నుంచి నెట్టి చూసింది. మునివేళ్ల మీద లేవబోయి తూలింది. పూలు అందలేదు. కొట్టినప్పుడు ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది.

అవ్వ అత్త వైపు తిరిగింది. "బద్దకమున్నోళ్లు బిందెకు లేవరు గని పూలకు లేస్తరు. పని చేసి అలిసిన చెయ్యి ఒక్క నిద్ర తీస్తే మల్ల లేస్తది. ఈ చెయ్యి లేస్తలేదు. దవఖానకు నడువు."

పోచమ్మ కోపం సంగతి అత్త ఏదో నసిగింది. ఆడపిల్ల చేతులు పడిపోవాలని ఏ తల్లీ కోరదంటూ అవ్వ చెప్పులు వేసుకుంది. నేను మాత్రం గుమ్మం చాటున సిగ్గుతో చచ్చిపోయాను.

పెద్దాసుపత్రిలో అక్క చాలా రోజులు ఉంది. రక్తం తీశారు, తొడ నుంచి చిన్న కండ ముక్క తీసి పరీక్షకు పంపారు. ఇది అరుదైన జబ్బనీ, అంటుకోదనీ, ఎవరి తప్పూ కాదనీ అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఎదురు తిరిగి కండరాలనూ చర్మాన్నీ దెబ్బతీస్తోందట. అవ్వ దాన్ని మాకు మా భాషలో చెప్పింది. గల్లీ కాపలావాడు దొంగల్ని వదిలేసి ఇంట్లోవాళ్లనే కొడుతున్నాడు. ఆ కాపలావాడి కోపాన్ని మాత్రలు చల్లారుస్తాయి. వాటిని మన ఇష్టానికి ఆపకూడదు. ఎండ అసలు పడకూడదు. ఎండ మాట విని అత్త తల బాదుకుంది.

ఇంటికొచ్చాక మాత్రలకు అక్క ముఖం పూరీలా ఉబ్బింది. అది చూసి మందులు మానేయమని గ్యాలరీ సలహా. అవ్వ ఎవరి మాటా చెవిన పెట్టలేదు. జబ్బు నెమ్మదించిందని తేలాక, చేతులు కొద్దికొద్దిగా ఎత్తడం అలవాటు చేయమని డాక్టరమ్మ చెప్పింది. అవ్వ ఆ మేకు పీకి, అక్క ఛాతీ ఎత్తులో కొట్టి, దానికి గజ్రా తగిలించింది. అది సులువుగా అందిన వారం మేకు రెండు వేళ్లు పైకి జరిగింది. పూలు తగిలించే పని నేను అడిగి తీసుకున్నాను. అక్క జడ కూడా నేనే వేసేదాన్ని, వంకరటింకరగా. ఒకరోజు వెనక నిలబడి దువ్వుతూ, గ్యాలరీకి చాడీలు చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను.

"తెల్సు," అన్నది అక్క. "చిక్కు మెల్లగ తియ్యి."

వేసవిలో జబ్బు మళ్లీ తిరగబెట్టింది. కళ్లెత్తు దాకా వెళ్లిన మేకును అవ్వ పీకి భుజం కిందికి దించింది. ఇన్నాళ్లు ఎక్కిందంతా పోయిందని నాకు ఏడుపొచ్చింది. మళ్లీ కిందికా అని అడిగాను.

అవ్వ సుత్తి పక్కన పెట్టింది. "మేకు దిగితే గోడకేం సిగ్గు? చెయ్యి అందినకాడ పూలుండాలె. అందనికాడ పెట్టి చూస్తుంటే పూలే వాడిపోతయి."

రెండేళ్లు పట్టింది. ఒక పొద్దున అక్క మెట్ల మీద నన్ను కూర్చోబెట్టుకుని, మధ్యలో ఒక్కసారి ఆగి, జడ చివరిదాకా అల్లింది. ఆ రోజు బడిలో నేను తల కదపలేదు. క్యాలెండర్ మేకు పాత చోటుకు మాత్రం అక్క చెయ్యి ఎప్పుడూ వెళ్లలేదు. క్యాలెండరే కిందికొచ్చింది.

తర్వాత నేనూ టీచరమ్మనయ్యాను. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉంటున్నాను. మొన్న ఆ చాల్ కూల్చబోతున్నారని తెలిసి చూడటానికి వెళ్లాను. అక్క వాళ్ల గోడ మీద, సున్నం పొరల కింద, ఆ చిల్లులు వరుసగా ఇంకా ఉన్నాయి. వేలితో ఒక్కొక్కటీ తడిమాను. నా నాలుక ఏం మారలేదు. ఎవరైనా తమకు చేతకావడం లేదంటే, నటిస్తున్నారన్న మాట ఇప్పటికీ దాని చివరి దాకా వస్తుంది. అప్పుడు అవ్వ సుత్తి చప్పుడు వినిపిస్తుంది. నోరు మూసుకుని, ముందు మేకు దించి చూస్తాను.