మేడం గారి పంక్ జట్టు

కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది నేను బహ్రెయిన్ వెళ్లాను. ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో ఒక జపాన్ దంపతుల ఇంట్లో పని దొరికింది. సారు ఓడలు బాగుచేసే యార్డులో ఇంజనీరు. పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడు. మేడానికి ముప్పై దాటి ఉండవు. పిల్లలు లేరు. ఆవిడ తలుపు వేస్తే చప్పుడయ్యేది కాదు, మాట్లాడితే పక్కగదికి వినిపించేది కాదు. ఇంట్లో రోజంతా ఏసీ మోత ఒక్కటే.

నేను చేరిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం వంటింట్లో చేపలు కోస్తున్నాను. హాల్లో ఎవరో అరుస్తున్నట్టూ, సామాన్లు పగలగొడుతున్నట్టూ వినిపించింది. కత్తి చేతిలో ఉండగానే పరుగెత్తాను. మేడం టేప్ రికార్డరు ముందు మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని వింటోంది. నన్నూ కత్తినీ చూసి నవ్వింది. ఆవిడ గొంతులో అంత గట్టి నవ్వు ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

"దొంగలు కాదు. నా స్నేహితులు," అంది.

ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అంతంతమాత్రమే. అయినా వినే మనిషి దొరికినందుకేమో, ఆ తరువాత చాలా మధ్యాహ్నాలు కూర్చోబెట్టి చెప్పింది. పెళ్లికి ముందు ఆవిడ నలుగురున్న ఒక పాటల జట్టులో గాయని. వాళ్లది పంక్ అట, అందులోనూ హార్డ్‌కోర్ అట. అదేమిటని అడిగితే, "చాలా వేగం, చాలా కోపం" అంది.

చదువుకునే రోజుల్లో ఒక బియ్యం కొట్టు కిందనున్న గదిలో మొదలుపెట్టారు. ఊపిరి తీసుకునేలోగా పాట అయిపోయేది. వినేవాళ్లు కూడా వాయించేవాళ్ల స్నేహితులే. కొన్నాళ్లకు ఆవిడకే విసుగొచ్చింది. అందరూ అరిచినట్టే మనమూ అరుస్తుంటే మనమెవరమో ఎలా తెలుస్తుందని జట్టులో గొడవపడింది. ఉత్తరాన చేపలు పట్టే పల్లెలో వాళ్ల అమ్మమ్మ ఉండేది. వల లాగేవాళ్ల పాటలు పాడుతూ మూడు తీగల వాద్యం వాయించేది. మేడం ఆ వాద్యాన్ని అడిగి తెచ్చుకుని, ఆ పాటల్లో ఒకదాన్ని డ్రమ్ముల మీద అదే కోపంతో పాడింది.

పట్నంలో కుర్రాళ్లు ముసలమ్మ పాటని ఎగతాళి చేసి ఖాళీ డబ్బాలు విసిరారు. పల్లెలో పండగకి వాయిస్తే పెద్దవాళ్లు చెవులు మూసుకుని లేచిపోయారు. అయినా వీళ్లు మానలేదు. పాత వ్యానులో పడుకుంటూ ఊరూరా తిరిగారు. క్రమంగా ఆ వల పాట కోసమే వచ్చే జనం తయారయ్యారు. ఒక రికార్డు కూడా తెచ్చారు. సరిగ్గా అప్పుడే పెళ్లయింది, సారుకి బహ్రెయిన్ డ్యూటీ పడింది.

"రానని ఎందుకు అనలేదు?" అని అడిగాను.

"ఆయన ఒక్కడూ ఇక్కడ ఎలా ఉంటాడు?" అంది. మళ్లీ తనే, "ఇప్పుడు ఇద్దరం ఒక్కొక్కళ్లమే ఉన్నాం," అంది.

ఆవిడ లేకుండానే జట్టు సాగింది. గిటారు వాయించే అతను పాడటం మొదలుపెట్టాడు. కొత్త పాటలు చేసినప్పుడల్లా క్యాసెట్టు పంపేవాడు. సారు ఆఫీసు నుంచి ఆ పొట్లం తెచ్చిన రోజు మేడం అన్నం కూడా సరిగా తినేది కాదు. మర్నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వినేది. తన పాటని వేరే గొంతు పాడుతుంటే ఆవిడ పెదవులు కదిలేవి, మాట బయటికి వచ్చేది కాదు.

ఒకసారి వల పాటలో అందరూ కలిసి ఏదో అంటుంటే నా నోటి నుంచి "హైలెస్సా" అని వచ్చేసింది. మాది నరసాపురం అవతల సముద్రపు ఒడ్డు. మా నాన్నా చిన్నాన్నలూ అలివి వల లాగుతుంటే విన్న మాట అది. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో కూడా సముద్రం దగ్గరే, కానీ దానికి అలల చప్పుడే ఉండదు. మేడం టేపు ఆపి, మళ్లీ అనమంది. వల ఎలా లాగుతారో చెయ్యి ఊపుతూ చూపించాను. ఆవిడ ఖాళీ క్యాసెట్టు పెట్టి నా గొంతు రికార్డు చేసి వాళ్లకి పంపింది.

చలికాలంలో వచ్చిన క్యాసెట్టులో వల పాట నా గొంతుతో మొదలైంది. మేడం నాకొక కాపీ తీసి ఇచ్చింది. మార్కెట్టుకు వెళ్లేటప్పుడు సారు ఆఫీసు కారులో డ్రైవరు భాయ్ చేత పెట్టించాను. అతనిది నిజామాబాద్.

"ఇదేం పాటక్కా? కొట్లాట లెక్కున్నది," అన్నాడు.

"మొదట్లో ఉన్నది నా గొంతే భాయ్."

అతను కారు పక్కకి తీసి, మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. చివరిదాకా విన్నాడు. "మంచిగున్నదక్కా. ఇంటోళ్లకు వినిపించినవా?" అన్నాడు. ఊళ్లో మా ఇంట్లో టేప్ రికార్డరు లేదని చెప్పాను. క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టి కారు పోనిచ్చాడు.

మరుసటి ఏడాది జట్టు విడిపోతోందని ఫోను వచ్చింది. డ్రమ్ములు వాయించే అతను తండ్రి పొలం చూసుకోవడానికి వెళ్లిపోతున్నాడట, ఇంకొకతనికి ఉద్యోగం దొరికిందట. ఆఖరిసారి పాడటానికి రమ్మని మేడాన్ని పిలిచారు. సారే టిక్కెట్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆవిడ లేని రోజుల్లో ఆ ఇంట్లో నేనూ సారూ ఎవరి ముద్ద వాళ్లం తిన్నాం.

తిరిగొచ్చేసరికి మేడం గొంతు పూర్తిగా పోయింది. గుసగుసగా చెప్పింది. ఆఖరి కచేరీ అమ్మమ్మ పల్లెలోనే పెట్టారట. అమ్మమ్మ అప్పటికే పోయింది. జుట్టు ముళ్లలా నిలబెట్టుకున్న పట్నం కుర్రాళ్లూ, ముసలి జాలర్లూ ఒకే హాల్లో నిలబడ్డారు. నా మాట అందరూ కలిసి అన్నారట.

"హైరెస్సా," అని అనుకరించి చూపించింది. వాళ్ల నోటికి అది అలాగే తిరుగుతుంది.

"మళ్లీ పాడరా?"

"ఖలాస్," అంది.

అయిపోయింది అనే ఆ అరబ్బీ మాట ఆవిడ బజారులో నేర్చుకున్నది. అంత తేలిగ్గా అన్నా, తరువాతి నెలల్లో సారు ఇంటికి రాగానే ఆవిడ చూపు ముందు అతని చేతుల మీదికే వెళ్లేది. పొట్లాలు ఇక రాలేదు. క్యాసెట్లు అట్టపెట్టెలో సర్దేసింది. మధ్యాహ్నాలు ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని చిక్కుళ్లు ఒలిచేవాళ్లం. చెప్పాల్సింది అయిపోయినవాళ్లలా ఉండేవాళ్లం.

వేసవి రాకముందే సారుకి సింగపూర్ బదిలీ అయింది. వెళ్లే రోజు మేడం నా రెండు చేతులూ పట్టుకుని నిలబడింది. వాళ్లు వెళ్లాక ఇల్లు ఊడ్చి తాళాలు అప్పగించాను. నా వీసా చేతిలో ఉన్న కఫీల్ నన్ను అద్లియా పేటలో ఒక పెద్ద కుటుంబానికి అప్పజెప్పాడు. ఇంటి నిండా మనుషులు, పొద్దస్తమానం పిలుపులు. నా పేరేమిటని మొదటిరోజు అడిగారు. ఆ తరువాత అక్కడున్న నాలుగేళ్లలో నా గురించి ఎవరూ ఇంకేమీ అడగలేదు.