పద్మనాభం తాతయ్య తెంపుకున్న దారం

పద్మనాభం తాతయ్య నరసరావుపేటలో కిరాణా కొట్టు నడిపినన్నాళ్ళూ పురికొస ముక్క ఒక్కటి పారేసి ఎరగడు. సరుకుల మూటలకి వచ్చిన పురికొస విప్పడం, ముడేసి ఉండ చుట్టడం, మళ్ళీ దానితోనే పొట్లాలు కట్టడం. అమెరికాలో, మోరిస్‌విల్‌లో కూతురింటికి చేరాక కట్టడానికి పొట్లాలు లేకపోయినా ఆ వేళ్ళు ఊరుకోలేదు. ఇళ్ళ వెనకాల చెరువు గట్టున గాలాలు వేసేవాళ్ళు తెంపి పారేసిన నైలాన్ దారం ఏరుకొచ్చి, ముక్కకి ముక్క ముడేసి, ఖాళీ ఆవకాయ సీసాకి చుట్టేవాడు. ఎవరన్నా చూస్తే చెరువు శుభ్రం చేస్తున్నానని గొప్పగా చెప్పేవాడు. సగం నిజమే.

గాలం సరదా ఆయనకి అంటించింది కోటయ్య మాస్టారు. బాపట్ల వైపు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరై, భార్య కృష్ణవేణితో కలిసి కూతురు నమ్రత దగ్గరికి వచ్చిన మనిషి. తాతయ్య పుట్టి బుద్ధెరిగి చేప తినలేదు. పట్టిన చేప మూతి నుంచి గాలం తీసి, "వెళ్ళు నాయనా, వెళ్ళు" అని నీళ్ళలో వదిలేసేవాడు. అయినా అమ్మమ్మ ఛాయాదేవి ఆయన్ని గరాజ్‌లోనే ఆపేసేది.

"తినేది లేదు, అమ్మేది లేదు. కొట్టు నడిపిన మనిషి చేసే బేరమేనా ఇది? చేతులు కడుక్కుని రండి, సబ్బుతో!"

మాస్టారి దగ్గర ఒక చెక్క చేప ఉండేది. కృష్ణవేణమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న కవ్వం విరిగితే, ఆ ముక్కని చాకుతో చెక్కి, మనవరాలి నెయిల్ పాలిష్‌తో కళ్ళు దిద్ది, కడుపు కింద గాలం బిగించాడు. అది నీళ్ళలో వంకరటింకరగా ఈదుతుంటే అసలు చేపలు నిజమనుకుని ఎగబడేవి. దుకాణంలో కొన్న ఎరలన్నీ దాని ముందు దిగదుడుపే. మాస్టారు దాన్ని కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని తిరిగేవాడు.

అలాంటి దాన్ని ఒకరోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్తూ తాతయ్య చేతిలో పెట్టాడు.

"శెట్టిగారూ, ఇవాళ మీరు వెయ్యండి. కానీ కొత్త దారానికే కట్టాలి సుమా. దారాన్ని రెండు వేళ్ళ మధ్య జార్చి చూడండి, గరుకు తగిలితే అక్కడిదాకా కోసి పారెయ్యాలి. ఎండకి ఎండిన నైలాన్‌ని నమ్మకూడదు."

"నాకు తెలీదా మాస్టారూ!"

తెలుసు. కూతురు తెప్పించిన కొత్త దారం చుట్ట గాలాల డబ్బాలోనే ఉందనీ తెలుసు. కానీ సీసాకి చుట్టిన దారం నిక్షేపంగా ఉండగా కొత్తది విప్పడానికి చేతులు రావాలిగా! రెండు వేళ్ళ మధ్య జార్చి చూశాడు కూడా. అడుగడుక్కీ ముడులే, ఇక గరుకు సంగతి ఎక్కడ తెలుస్తుంది?

మూడోసారి విసిరినప్పుడు చెక్క చేప నీళ్ళలో మునిగిన మోడుకి చిక్కుకుంది. దారం వదులు చేసి మెల్లగా కదపాలి, లేదా గట్టు వెంట అవతలి వైపుకి నడిచి అటు నుంచి లాగాలి. ఇవన్నీ మాస్టారు చెప్పినవే. తాతయ్య మాత్రం కొట్లో పురికొస లాగినట్టు ఒక్క గుంజు గుంజాడు. టప్పున తెగింది. ఖాళీ దారం తేలిగ్గా వెనక్కి వచ్చింది.

సాయంత్రం కంటికి నల్లద్దాలతో మాస్టారు ఎదురొచ్చాడు. "ఏం శెట్టిగారూ, ఏమన్నా పడిందా?"

నిజం నోటిదాకా వచ్చింది. అబద్ధం దాన్ని తోసుకుని ముందు బయటపడింది. "పెద్ద చేప మాస్టారూ. దారం తెంపుకుని పోయింది."

కోప్పడతాడనుకుంటే మాస్టారి మొహం వెలిగిపోయింది. "నా చేపనే మింగిందా? ఎంతుంటుంది?"

తాతయ్య చేతులు చాపాడు. ఎందుకు చాపాడో, అంత దూరం ఎందుకు చాపాడో ఆయనకే తెలీదు.

పక్కింట్లో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు అవినాష్ ఆ కబురు కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాడు. గుడికెళ్ళినా, ఇండియన్ స్టోర్‌కెళ్ళినా అందరూ చేప గురించే అడగడం. మాస్టారు బలమైన అల్లిక దారం కొన్నాడు. రోజూ తెల్లారేసరికి గట్టు మీద ఉండేవాడు. చలి ముదిరింది, దగ్గు పట్టుకుంది. అయినా మానలేదు.

"పాపం, దాని మూతికి నా గాలం వేలాడుతూ ఉంటుంది శెట్టిగారూ. తిండి ఎలా తింటుందో! దాన్ని పట్టి గాలం తీసేదాకా నాకు నిద్ర పట్టదు."

నిద్ర పట్టనిది తాతయ్యకి. అమ్మమ్మ ఇష్టంగా చేసిన గుత్తివంకాయ కూర కూడా సహించడం లేదు.

ఒకరోజు నమ్రత ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది. "అంకుల్, ప్లీజ్, మీరైనా నాన్నకి చెప్పండి. ఫీవర్‌తో కూడా చెరువు దగ్గరికే వెళ్తున్నారు. డాక్టర్ రెస్ట్ తీసుకోమన్నా వినట్లేదు. ఆ ఫిష్ దొరికేదాకా ఇండియా వెళ్ళరట, టికెట్ పోస్ట్‌పోన్ చేయమంటున్నారు!"

ఆమె వెళ్ళగానే అమ్మమ్మ కూర తిరగేస్తూ, తల తిప్పకుండానే అంది. "ఆ చేప ఏ రంగులో ఉందో మీరు ఒక్కనాడూ చెప్పలేదేం?"

తాతయ్య కోటు తగిలించుకుని గట్టుకి నడిచాడు. మాస్టారు మఫ్లర్ చుట్టుకుని, దగ్గుతూ గాలం విసురుతున్నాడు.

"మాస్టారూ, ఇంటికి పదండి. చేప లేదు."

"ఇవాళ లేకపోతే రేపొస్తుంది."

"అసలే లేదు. మోడుకి తగులుకుంది. నేను ఏరుకొచ్చిన ముడుల దారం కట్టాను. మీరు వద్దన్నదే కట్టాను. గుంజాను, తెగింది. మీ చెక్క చేప పోగొట్టింది నేనే."

మాస్టారు నీళ్ళలోంచి దారం వెనక్కి చుట్టేసుకున్నాడు. తిడతాడని తాతయ్య తలొంచుకుని నిలబడ్డాడు, హోంవర్క్ చేయని పిల్లాడిలా.

"చెక్క ముక్కదేముందయ్యా, ఇంకోటి చెక్కుతాను," అన్నాడు మాస్టారు చివరికి. "చేప కూడా లేదా?"

"లేదు మాస్టారూ."

"ఇన్నాళ్ళూ ఊరందరికీ చెప్పుకున్నానే!"

ఎర పోయిందని తిట్టినా బాగుండేదనిపించింది తాతయ్యకి. పోయిన వస్తువుకి బదులు మరోటి ఇవ్వొచ్చు. లేని చేపకి బదులు ఏం తెచ్చిస్తాడు? గాలం, డబ్బా తనే మోస్తూ, మాస్టారి మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. మాస్టారు చెయ్యి విడిపించుకోలేదు.

కాలిబాట మీద అవినాష్ కుక్కతో ఎదురొచ్చాడు. "ఏంటి అంకుల్, అప్పుడే ప్యాక్ చేసేశారు? మన మాన్‌స్టర్ మళ్ళీ కనిపించిందా?"

తాతయ్య నోరు తెరిచాడు. ఈసారి నిజమే చెప్దామనుకున్నాడు. మాస్టారు ఆయన వేళ్ళని గట్టిగా నొక్కాడు.

"కనిపించకేం? నా చేతిలో వణుకు చూసి దానికి జాలేసింది, వెళ్ళిపోయింది," అన్నాడు మాస్టారు దగ్గుతూనే. "ఎంతుంటుందో చెప్పండి శెట్టిగారూ, మీరే కదా చూసింది."

తాతయ్య గాలం, డబ్బా కింద పెట్టి చేతులు చాపాడు.

"ఇంకాస్త," అన్నాడు మాస్టారు.

తాతయ్య కళ్ళు దించుకుని, ఇంకాస్త చాపాడు.