పెద్దాయన రాసింది నేను చదివిన రోజు

మొన్న మా చెల్లెలి కూతురు ఫోన్లో ఒకటే విసుక్కుంది. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు, అది రాసిన కంప్యూటర్ కోడులో ఒక్కో పనికి పెట్టిన పేర్లు బాగాలేవని, వరసలు సరిగా పేర్చలేదని ఎవరో వెనక్కి పంపారట. పని చేస్తున్నప్పుడు పేరు ఏదైతే ఏం పెద్దమ్మా అని అది సాగదీస్తుంటే నాకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు, చెప్పుకోవద్దా మరి, కాస్త గర్వంగా కూడా అనిపించింది, ఎందుకంటే ఒక్క పేరు దగ్గర పట్టుబట్టి జీపును సాయంత్రం దాకా వాకిట్లో నిలబెట్టిన ఘనత నాకుంది.

అప్పట్లో నేను గుంటూరులో, పత్తిలో తేమ కొలిచే పరికరాలు చేసే ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. మా నాన్న మిషన్ బడిలో మాస్టారు. కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని జీతం తెస్తుందంటే ఆయనకు లోపల సంతోషం, పైకి అనుమానం. పరికరం చెప్పేది కంప్యూటర్‌కు, కంప్యూటర్ చెప్పేది పరికరానికి అందించే ప్రోగ్రామును డ్రైవర్ అంటారని మన ఈడువాళ్ళకు ఈపాటికి మనవలు చెప్పే ఉంటారు. ఆ డ్రైవర్ రాసేది మా పెద్దాయన, అంటే మా అందరికీ పై ఇంజనీరు. నా ఉద్యోగం ఖాయం చెయ్యడమా, ఇంటికి పంపడమా అన్నది కూడా ఆయన చేతిలోనే ఉండేది.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది, అది పెట్టింది కూడా ఆయనే. శనివారం భోజనాలయ్యాక అందరం బల్ల చుట్టూ చేరేవాళ్ళం. రాసినవాళ్ళు నోరు మెదపకూడదు, ఇంకొకరు ఆ కోడును వరసగా పైకి చదువుతూ ఒక్కొక్క పేరుకు తమకేం అర్థమైందో తెలుగులో చెప్పాలి, చదివేవాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ పేరు మార్చాల్సిందే. వరసలు మిరప సాళ్ళలా తిన్నగా లేకపోతే పెద్దాయనకు ఒళ్ళు మండేది, ఒంటి అక్షరం పేర్లు కనిపిస్తే కాగితాలు పక్కన పడేసేవారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివి చదివి నాకు నోరు బాగా తిరగడంతో చదివే పని చాలాసార్లు నా మీదే పడేది.

ఆ శనివారం నాటికి పత్తి తీతలు మొదలైపోయాయి. పత్తి నుంచి గింజ వేరుచేసే చిలకలూరిపేట జిన్నింగు మిల్లువాళ్ళు పరికరం తీసుకెళ్ళడానికి జీపు వేసుకొచ్చి వాకిట్లో కూర్చున్నారు. ఆవేళ చదవాల్సింది పెద్దాయన రాసిందే కాబట్టి గబగబా చదివేసి సంతకాలు పెట్టేస్తామనే అందరూ అనుకున్నారు, నేను కూడా అలాగే అనుకున్నాను. రీడ్ మాయిశ్చర్ అన్న పేరు రాగానే, తేమ ఎంతుందో చూసొచ్చేది అని చెప్పి లోపలి వరసల్లోకి దిగి, అక్కడ ఆగిపోయాను. పరికరంలో తేమ అంకె ఉండే చోటు ఒకటుంటుంది. అక్కడి అంకెను ఒకసారి తీసుకున్నామంటే, మళ్ళీ కొలిచేదాకా అక్కడ సున్నాయే ఉంటుంది.

"పేరు చూస్తే ఊరికే చూసొచ్చేదిలా ఉందండి. లోపల చూస్తే ఉన్నదంతా ఊడ్చుకొస్తోంది," అన్నాను.

నోరు మెదపకూడని పెద్దాయన మెదిపారు. "అది నాకు తెలుసులేమ్మా. ముందుకు చదువు."

అయినా నేను కాగితం తిప్పలేదు. "మీకు తెలుసండి. పేరు చూసి వాడుకునేవాళ్ళకి తెలీదు కదండీ," అన్నాను.

ఆ మాటకు నా పక్క సీటతని మొహం పాలిపోయింది. తడి పత్తిని ఆరబెట్టే వేడిగాలి ఎప్పుడు వదలాలో చెప్పే భాగం అతను రాశాడు. పేరును నమ్మి, చూడటమే కదా అని అతను కూడా దాన్నే వాడుకున్నాడు. అసలు అంకెను తెర మీద చూపించే భాగం ముందే పట్టుకుపోతే అతనికి దక్కేది సున్నా, సున్నా అంటే పొడి పత్తి అని వేడిగాలి ఆగిపోతుంది, తడి పత్తి తిన్నగా యంత్రంలోకి వెళ్ళి చుట్టుకుపోతుంది. ఆఫీసులో ఏ భాగానికి ఆ భాగం విడిగా పరీక్షించాం గనుక ఇది ఎవరి కంటా పడలేదు.

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, లేచి బయటికి వెళ్ళారు. ఇక నా ఉద్యోగం అయిపోయినట్టే అనుకున్నాను. వాకిట్లోంచి ఆయన గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది.

"సాయంత్రం దాకా కూర్చోండి, టీ తెప్పిస్తాను. నేను రాసిందాంట్లో తప్పుంది. మా అమ్మాయి పట్టుకుంది."

లోపలికొచ్చి, ఏం పేరు పెడదామమ్మా అని నన్నే అడిగారు. తీసుకుని ఖాళీ చేసేదని పేరులోనే తెలిసేలా మార్చాం. దాన్ని ఒక్కచోటే వాడి, వచ్చిన అంకెను దాచిపెట్టి, మిగతావాళ్ళంతా అక్కడ చూసుకునేలా చేశాం. జీపు పొద్దువాలాక కదిలింది. ఆ సీజనంతా మిల్లు ఆగలేదు, నా ఉద్యోగం కూడా ఖాయమైంది. మా నాన్న పాస్టరుగారి దగ్గర మొదలుపెట్టి, ఆ సంగతి చెప్పని మనిషి లేడు.

ఏళ్ళు గడిచాక ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. శనివారాల చదువు మానలేదు. నేను రాసింది చదువుతూ పిల్లలు అక్కడక్కడ తడబడేవారు, నాకు తెలిసేది, కానీ నా మొహం వంక ఒక్కసారి చూసి గబగబా ముందుకెళ్ళిపోయేవారు. ఇప్పుడైతే అంతా కంప్యూటర్ల మీదే, మొహాలతోనే పని లేదు. మా చెల్లెలి కూతురి కోడును వెనక్కి పంపినవాళ్ళెవరో, ఎలా ఉంటారో దానికే తెలియదు. అంత పెద్దమనిషి ముందు ఆగగలిగానని ఇన్నేళ్ళూ నా ధైర్యాన్ని నేనే మెచ్చుకుంటూ వచ్చాను. నా ముందు ఆగిన పిల్ల ఒక్కతీ లేదే అని తలుచుకున్నప్పుడు మాత్రం, ఆ ధైర్యంలో ఎక్కువ పాలు ఆయనదేనేమో అనిపిస్తుంది.